తిరగని సిలిండర్, 180 డాలర్లు

రెండు నెలల కిందట ఒక శనివారం ఉదయం మా బావమరిది ఫోను చేసి, "బావా, ఇక్కడ తుపాకుల కొట్లో పాత స్మిత్ అండ్ వెసన్ మోడల్ 10 రివాల్వర్ ఒకటి ఉంది. 180 డాలర్లకే ఇస్తానంటున్నాడు. కాకపోతే తూటాలు పట్టే సిలిండర్ తెరుచుకోవడం లేదు, సరిగ్గా తిరగడమూ లేదు. కొని బాగు చేయించుకుంటే గిట్టుబాటవుతుందంటావా?" అని అడిగాడు. చేను చూడకుండా దిగుబడి చెప్పమన్నట్టుంది ఆ ప్రశ్న. నేను వచ్చేదాకా పర్సు తీయవద్దని చెప్పి, డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఆ కొట్టుకు బయలుదేరాను.

నేను గన్‌స్మిత్‌ను, అంటే తుపాకులు బాగుచేసేవాణ్ని, కాను. విజయవాడ ఆటోనగర్‌లో మా నాన్నగారికి లేత్ షాపు ఉండేది. సెలవుల్లో అక్కడ కూర్చున్నందువల్ల, పాత యంత్రాన్ని చూడగానే ఎక్కడ అరిగి ఉంటుందో వెతికే అలవాటు మాత్రం వచ్చింది. లారీ ఇంజను హెడ్డు ఎవరైనా తెస్తే నాన్నగారు ముందు ధర చెప్పేవారు కారు. దాన్ని కిరసనాయిలుతో కడిగించి, వాల్వు సీట్ల మధ్య పగులు ఉందేమో టార్చి వేసి చూసి, ఆ తర్వాతే నోరు విప్పేవారు. అంగుళంలో వెయ్యో వంతును షాపులో అందరూ "థౌ" అనేవారు. ఆ మాట టెక్సాస్ గన్‌స్మిత్ నోట మొదటిసారి విన్నప్పుడు నాకు కలిగిన ఆనందం చెప్పనలవి కాదు. పాత రివాల్వర్లు చూడటానికి వెళ్లేటప్పుడు నా జేబులో మూడే వస్తువులు ఉంటాయి: చిన్న టార్చి, సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజ్, పేలని డమ్మీ తూటాలు ఆరు.

ఇది చదివే మనవాళ్లలో హెచ్-1బీ మీదనో ఎఫ్-1 మీదనో ఉన్నవారు చాలామంది ఉంటారు కాబట్టి ఒక్క మాట ముందే చెప్పాలి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం అలాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారు, చెల్లుబాటయ్యే వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు వర్తిస్తే తప్ప, తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా నేరం. సరదాకి స్నేహితుడి తుపాకీ ఇంట్లో దాచిపెట్టినా ఆ నేరం కిందికే వస్తుంది. నాకూ మా బావమరిదికీ గ్రీన్ కార్డు వచ్చి చాలా ఏళ్లయింది.

అసలు 180 డాలర్ల పాత ఇనుము గురించి ఇంత ఆలోచన ఎందుకంటే, అది మోడల్ 10 కాబట్టి. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1899లో "మిలిటరీ అండ్ పోలీస్" అనే పేరుతో .38 స్పెషల్ తూటాకు తయారుచేసిన రివాల్వరే 1957లో మోడళ్లకు అంకెలు పెట్టినప్పుడు మోడల్ 10 అయింది. అన్ని రూపాలూ కలిపితే 60 లక్షలకు పైగా తయారయ్యాయి. అమెరికా పోలీసులు దశాబ్దాల పాటు నడుముకు కట్టుకున్నది ఎక్కువగా దీన్నే. 1980ల నుంచి వారు సెమీ ఆటోమేటిక్ పిస్టళ్లకు మారినకొద్దీ ఈ రివాల్వర్లు గుంపులు గుంపులుగా పాత సామాను బజారుకు వచ్చాయి. హోల్‌స్టర్‌లోకి, అంటే నడుము ఒరలోకి, తోసీ తీసీ బ్యారెల్ (గొట్టం) కొసన, సిలిండర్ అంచుల మీద నల్లరంగు పోయి తెల్లగా మెరుస్తుంటాయి గాని, ఏడాదికి ఒకటో రెండో సార్లు పరీక్ష కోసం తప్ప పేల్చనివి వాటిలో చాలా ఉంటాయి కాబట్టి లోపల చాలావరకు గట్టిగానే ఉంటాయి. చింత చచ్చినా పులుపు చావలేదన్న సామెత ఈ జాతి రివాల్వర్లకు అచ్చంగా అతుకుతుంది. పైరూపం చూసి తీసిపారేస్తే మంచి వస్తువు చేజారుతుంది, చవక చూసి ఎగబడితే చేతులు కాలుతాయి.

కొట్టులో ఉన్నది నాలుగంగుళాల సన్న బ్యారెల్ రకం. ఎడమవైపు సిలిండర్ మీద బియ్యపు గింజంత తుప్పు మచ్చలు నాలుగైదు ఉన్నాయి, చెక్క పిడి ఒక మూల చిట్లింది. ఇవి చూసి నేను కంగారుపడలేదు. నేను ముందు చూసేది మరల తలలు. లోపలి భాగాలను మూసే కుడివైపు సైడ్ ప్లేట్‌ను బిగించే మరల గాట్లు చెదిరి ఉంటే, ఎవరో తెలిసీ తెలియనివాడు వంటింటి స్క్రూడ్రైవర్‌తో లోపలికి దిగాడని అర్థం. సైడ్ ప్లేట్ అంచున గీత కనిపిస్తే ఇంకా చెడ్డది. ఆ ప్లేటును తీయవలసిన పద్ధతిలో, మరలు విప్పాక పిడి భాగాన్ని చెక్క సుత్తి పిడితో తడుతూ పోతే ఆ అదురుకు అదే పైకి లేస్తుంది. దాని కింద ఏదో దూర్చి ఎత్తినవాడు లోపల ట్రిగ్గర్‌నూ, తూటాను పేల్చే దెబ్బ కొట్టే హ్యామర్‌నూ ఆకురాయితో రుద్ది ఉండడన్న నమ్మకం నాకు లేదు. ఆ భాగాలకు గట్టిదనం ఉక్కు పైపొరలోనే ఉంటుంది, ఆ పొర అరిగేదాకా రుద్దితే కింద ఉన్నది మెత్తని లోహం. ఈ రివాల్వర్ మరలు మాత్రం ఫ్యాక్టరీలో బిగించినట్టే ఉన్నాయి.

ఇక సిలిండర్ తెరుచుకోకపోవడం. తెరుచుకోని రివాల్వర్‌లో తూటాలు లేవని ఎవరు చెప్పినా నమ్మకూడదు. మోడల్ 10లో తూటా అంచు సిలిండర్ వెనక బయటికే ఉంటుంది. అందువల్ల గొట్టం కొసను మనిషి లేని వైపుకు తిప్పి, వేలు ట్రిగ్గర్ దగ్గరికి పోనీయకుండా, సిలిండర్‌కూ దాని వెనక ఉన్న గోడకూ మధ్య సందును వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే ఇత్తడి అంచులు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. అక్కడ వెలుతురు తప్ప ఏమీ కనిపించలేదు. కొట్టు ఆయన కూడా చూసి తలూపాడు.

ఇలా బిగుసుకుపోవడానికి సర్వసాధారణమైన కారణం ఒకటుంది, మొదటిసారి చూసేవారు దాన్ని పెద్ద రోగం అనుకుంటారు. ఖాళీ తొడుగులను బయటికి నెట్టే ఎజెక్టర్ రాడ్‌ను మరతో బిగిస్తారు. కాలక్రమాన ఆ మర వదులై రాడ్ కొంచెం కొంచెంగా బయటికి వస్తే, పొడవు పెరిగి, ముందున్న గొళ్లానికి ఒత్తుకుని సిలిండర్‌ను తెరవనివ్వదు. 1960ల తొలి సంవత్సరాల నుంచి ఈ మరను ఎడమ మరగా, అంటే ఎడమవైపుకు తిప్పితే బిగిసేదిగా, మార్చారు, సిలిండర్ తిరిగేటప్పుడు వదులు కాకుండా ఉండాలన్నది ఉద్దేశం. పాత పద్ధతిలో కుడివైపుకు తిప్పి బిగిద్దామని పట్టకారు పెట్టేవారు ఉన్నది కూడా విప్పేస్తారు. కొట్టు ఆయన ఇందులో ఆరితేరినవాడు. తోలు ముక్కతో రాడ్ కొసను పట్టుకుని, హ్యామర్‌ను రవ్వంత వెనక్కి తీసి, సిలిండర్‌ను మెల్లగా తిప్పుతూ ఒక చుట్టు బిగించాడు. సిలిండర్ తెరుచుకుంది. మా బావమరిది ముఖం వెలిగిపోయింది. "అయితే పైసా ఖర్చు లేకుండా బాగుపడినట్టేగా బావా!" అన్నాడు. కాస్త ఆగమన్నాను.

తెరిచాక యోక్ గాడిలో, అంటే సిలిండర్‌ను పట్టుకునే చేయి ఫ్రేమ్‌లోకి మడుచుకునే చోట, 10-5 అని ముద్ర కనిపించింది. ఆ రకం 1962లో మొదలైంది. బ్యారెల్‌ను ఫ్రేమ్‌కు అడ్డంగా చిన్న మేకుతో కట్టే పాత పద్ధతి దానిది. ఫ్రేమ్ మీద సీరియల్ నంబరు స్పష్టంగా ఉంది. నంబరు చెరిపిన తుపాకీ దగ్గర ఉంచుకోవడమే నేరం కాబట్టి, ఎంత చవకైనా అలాంటి దాని దగ్గర నిలబడటం కూడా నాకు ఇష్టం ఉండదు. చట్టం దృష్టిలో తుపాకీ అంటే ఈ ఫ్రేమే, తక్కినవన్నీ విడిభాగాలు. ధ్వంసం చేయమని వచ్చిన రివాల్వర్ల ఫ్రేములను ముక్కలు చేసి తక్కిన భాగాలను కట్టలుగా అమ్మడం వల్లనే, ఎప్పుడో తయారైన మోడల్ 10కు ఇవాళ కూడా హ్యామర్, బ్యారెల్, పిడి దొరుకుతున్నాయి. బాగుచేత లెక్క కూడా అక్కడే మొదలవుతుంది. ఫ్రేమ్ చెడితే తక్కినదంతా విడిభాగాల సంచి. ఉక్కు ఫ్రేమ్‌కు ఆ ప్రమాదం తక్కువ గాని, ఇదే కంపెనీ అల్యూమినియం మిశ్రమంతో చేసిన తేలికపాటి రివాల్వర్లలో బ్యారెల్ మర దిగే చోట, కింది భాగంలో, వెంట్రుకంత పగులు రావడం తెలిసిన విషయమే. దాన్ని టార్చి లేకుండా ఎవరూ చూడలేరు, చూశాక ఎవరూ కొనకూడదు.

సిలిండర్ వెనక భాగంలో నక్షత్రం ఆకారంలో ఉండే ఎక్స్‌ట్రాక్టర్‌ను పైకి నెట్టి చూస్తే, దాని కింద కాలని మందు పలుకులు ఆవగింజల్లా అంటుకుని ఉన్నాయి. నక్షత్రం పూర్తిగా కూర్చోకపోతే సిలిండర్ వెనక గోడకు రాసుకుని సగంలో ఆగిపోతుంది. సరిగ్గా తిరగడం లేదన్న ఫిర్యాదులో సగం కారణం ఇదే. పాత పళ్ల కుంచె ఒకటి కొట్టు బల్ల మీదే ఉంది, రెండు నిమిషాల్లో ఆ చెత్త పోయింది. ఈ రెండు దోషాల వల్లే మంచి రివాల్వర్లు "పాడైనవి" అనే పేరుతో చవకగా చేతులు మారుతుంటాయి. మూడోది పిడి ముందు పట్టీలో కింద ఉండే స్ట్రెయిన్ స్క్రూ. అది వదులైతే ప్రధాన స్ప్రింగు బిగువు తగ్గి, హ్యామర్ దెబ్బ తూటాను పేల్చలేకపోతుంది. ట్రిగ్గర్ తేలికగా ఉండాలని కొందరు కావాలనే దాన్ని వదులు చేసి, తర్వాత తుపాకీ పేలడం లేదని అమ్మేస్తారు.

చెత్త వదిలాక అసలు పరీక్ష మొదలైంది. హ్యామర్‌ను బొటనవేలితో మెల్లగా వెనక్కి లాగుతూ, రెండో చేతి వేలితో సిలిండర్‌ను తేలికగా అడ్డుకోవాలి. హ్యామర్ చివరిదాకా వచ్చి నిలబడే లోపే సిలిండర్ కింది గాటులో "టక్" మని బిగుసుకోవాలి. హ్యామర్ నిలబడ్డాక కూడా సిలిండర్‌ను వేలితో ఇంకాస్త తోయవలసి వస్తే టైమింగ్ తప్పినట్టు. అంటే తూటా పేలే క్షణానికి అది కూర్చున్న అర, అంటే ఛాంబరూ, బ్యారెలూ ఒకే వరుసలో ఉండకపోవచ్చు. అప్పుడు సీసం అంచుకు కోసుకుని, పక్కన నిలబడ్డవాడి చెంప మీదికి చిమ్ముతుంది. ఖాళీ ఛాంబర్లతో చేసినప్పుడు ఆరింట మూడు తప్పాయి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. ఖాళీగా ఉన్నప్పుడు అరిగిన నక్షత్రం కొద్దిగా అటూ ఇటూ ఊగుతుంది. తూటాలు ఉంటే వాటి దన్ను దానికి దొరుకుతుంది. అందుకే డమ్మీ తూటాలు ఆరూ వేసి మళ్లీ చూశాను. మూడు కాస్తా ఒకటికి దిగింది. ఆ ఒక్క ఛాంబరుకు, సిలిండర్‌ను తిప్పే "హ్యాండ్" అనే చిన్న ఉక్కు వేలు కొత్తది అమరిస్తే సరిపోతుంది. అది గన్‌స్మిత్‌కు గంట పని.

సిలిండర్‌ను ముందుకూ వెనక్కూ ఊపితే ఎంత కదులుతుందో చూడటానికి ఫీలర్ గేజ్ తీశాను. సిలిండర్ ముఖానికీ బ్యారెల్ వెనక అంచుకూ మధ్య సందు, వెనక్కి నొక్కి పట్టినప్పుడు 12 థౌ, ముందుకు నొక్కి పట్టినప్పుడు 5 థౌ ఉంది. తేడా 7 థౌ. ఈ తేడానే ఎండ్ షేక్ అంటారు. ఒకటీ రెండూ ఉంటే ముచ్చటపడాలి, ఏడు ఉందంటే ఈ రివాల్వర్ తక్కిన పోలీసు రివాల్వర్ల కన్నా బాగానే పేలి ఉండాలి. భయపడవలసిన లోపం మాత్రం కాదు. 2 థౌ మందం ఉన్న పలుచని ఉక్కు వాషర్లు యోక్ గొట్టం కొసన వేసి దీన్ని సరిచేస్తారు, వాటి ఖరీదు కాఫీ డబ్బులంత. యోక్ వంగిందేమోనని సిలిండర్ మూసి దాని అతుకు దగ్గర చూశాను, ఫ్రేమ్‌తో సమంగానే ఉంది. సినిమాలో లాగా మణికట్టు విదిల్చి సిలిండర్‌ను టపీమని మూసే అలవాటు ఉన్నవారి రివాల్వర్లలో ఆ యోక్ వంగి, రెండు మూడు ఛాంబర్ల దగ్గర సిలిండర్ పట్టేస్తుంటుంది.

తర్వాత హ్యామర్‌ను ఎక్కుపెట్టి, ట్రిగ్గర్‌ను తాకకుండా, బొటనవేలితో హ్యామర్‌ను వెనక నుంచి ముందుకు గట్టిగా నొక్కాను. అది జారి పడితే ఇక మాట్లాడుకునేది ఏమీ ఉండదు, కనీసం హ్యామరూ ట్రిగ్గరూ మార్చేదాకా. ఇది జారలేదు. హ్యామర్‌ను కొద్దిగా వెనక్కి తీసి టార్చి వేస్తే, హ్యామర్‌కూ ఫ్రేమ్‌కూ మధ్య అడ్డుగా ఉండే పలుచని ఉక్కు పలక కూడా కనిపించింది. లోపల విప్పి మళ్లీ బిగించే ఔత్సాహికులు ఎక్కువగా మరిచిపోయేది ఈ పలకనే. అది లేకపోయినా తుపాకీ మామూలుగానే పనిచేస్తుంది కాబట్టి ఎవరికీ తెలియదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1944లో, తూటాలు నింపిన ఈ జాతి రివాల్వర్ ఒకటి కింద పడి పేలి ఒక అమెరికన్ నావికుడు చనిపోయాక, కంపెనీ అప్పటిదాకా ఉన్న ఏర్పాటును మార్చి మరింత నమ్మకమైనది పెట్టింది. ఆ మార్పు జరిగినవాటి నంబరు ముందు ఎస్ అనే అక్షరం చేర్చారు.

ఇంతవరకు చూసినవన్నీ కలిపితే చిన్న చిన్న లోపాలే. మా బావమరిది అప్పటికే మనసులో కొనేశాడు. సిలిండర్ తెరిచి, అది కూర్చునే ఫ్రేమ్ కిటికీలో తెల్ల కాగితం ముక్క పెట్టి, దాని మీద టార్చి వేసి, బ్యారెల్ కొస నుంచి లోపలికి చూశాను. గుండును తిప్పడానికి లోపల చెక్కిన గాళ్లు చక్కగా, మెరుస్తూ, పదునుగా ఉన్నాయి. కానీ ముందు కొసకు ఒక అంగుళంన్నర లోపల, గొట్టం చుట్టూ నల్లని ఉంగరం లాంటి నీడ ఒకటి ఉంది. గుడ్డతో తుడిపించి మళ్లీ చూశాను, నీడ అక్కడే ఉంది. బ్యారెల్‌ను కొట్టు ట్యూబులైటు కింద అడ్డంగా పట్టుకుని, దాని మీద పడిన వెలుగు గీతను చూస్తూ మెల్లగా తిప్పాను. ఆ గీత సరిగ్గా ఆ చోట, కొండచిలువ మింగిన ఎలుక దగ్గర ఉబ్బినట్టు, రవ్వంత వంపు తిరిగింది. మా బావమరిది వేలు పట్టుకుని దాని మీద రాయించాను. అతడు ఏమీ మాట్లాడలేదు.

అది ఎలా వస్తుందంటే, మందు సరిగ్గా లేని తూటా ఒకటి "ఫుస్" మని పేలి, గుండు బ్యారెల్ మధ్యలో ఇరుక్కుపోతుంది. కాల్చేవాడు గమనించకుండా రెండోది పేలుస్తాడు. రెండో గుండు మొదటిదాన్ని గుద్దిన చోట ఉక్కు ఉబ్బుతుంది. ఉబ్బిన బ్యారెల్‌తో కొందరు ఏళ్ల తరబడి కాలుస్తూనే ఉంటారు, గురి కూడా మరీ చెడిపోదంటారు. నాకు ఆ ధైర్యం లేదు. ఒకసారి తన హద్దు దాటి సాగిన ఉక్కును నేను నమ్మను. ఆ దెబ్బకు బ్యారెల్ వెనక అంచున, గుండు ప్రవేశించే ఫోర్సింగ్ కోన్ దగ్గర, పగులు వచ్చిందేమో కూడా చూశాను, లేదు. ఆ పగులు మోడల్ 10లో అరుదు. ఇదే పరిమాణం ఫ్రేమ్‌తో శక్తివంతమైన .357 మ్యాగ్నమ్ తూటాకు చేసిన మోడల్ 19లో మాత్రం, బ్యారెల్ అడుగున చదును చేసిన చోట లోహం పలుచగా ఉండటంతో, ఎక్కువ వేగంతో వెళ్లే తేలికపాటి గుండ్లు ఎక్కువగా కాల్చినవారికి అక్కడే చీలిక వస్తుంది.

ఈ ఉంగరం దగ్గర నేను ఇంత పట్టుదలగా ఎందుకు ఉన్నానో చెప్పాలంటే నా సొంత తెలివితక్కువతనం ఒకటి బయటపెట్టాలి. 2013లో ఒక గన్ షోలో, అంటే తుపాకుల సంతలో, రెండంగుళాల బ్యారెల్‌తో, నల్లగా నిగనిగలాడుతున్న స్మిత్ అండ్ వెసన్‌ను 275 డాలర్లు పోసి కొన్నాను. పిడి అడుగున నంబరు ముందు వి అనే అక్షరం ఉంది, విక్టరీ మోడల్ అని గర్వపడ్డాను. యుద్ధ కాలంలో బ్రిటన్ కోసం లక్షలకొద్దీ తయారుచేసిన రకం అది. వాటిలో అత్యధికం ఐదంగుళాల బ్యారెల్‌తో, .38 ఎస్ అండ్ డబ్ల్యూ అనే పొట్టి, లావు తూటాకు చేసినవి. యుద్ధం అయ్యాక అవి మిగులు సామానుగా అమెరికాకు తిరిగి వచ్చినప్పుడు, ఇక్కడ సులువుగా దొరికే .38 స్పెషల్ పట్టేలా చాలావాటి ఛాంబర్లను లోతుగా తొలిచి, బ్యారెళ్లు కోసి, కొత్త రంగు వేసి అమ్మారు. పొట్టి తూటా తొడుగు లావు ఎక్కువ కాబట్టి, ఆ ఛాంబర్లో స్పెషల్ తూటా వెనక భాగం వదులుగా ఉండిపోతుంది. గుండు వ్యాసం కూడా బ్యారెల్ కన్నా నాలుగు థౌ సన్నం. నేను ఆరు కాల్చి తీస్తే ఆరు తొడుగులూ కింది భాగంలో గర్భిణి పొట్టలా ఉబ్బి ఉన్నాయి, ఒకటి నిలువునా చీలింది.

నా గన్‌స్మిత్ దాన్ని చేతిలోకి తీసుకుని, సైడ్ ప్లేట్ మీది అక్షరాలు అరిగిన నాణెం మీది బొమ్మలా ఎలా చెరిగిపోయాయో చూపించాడు. యుద్ధ కాలంలో ఆ రివాల్వర్లకు వేసినది మెరుపు లేని ముతక బూడిద రంగు. నేను మోజుపడ్డ నిగనిగ, తర్వాత ఎవరో గుడ్డచక్రం మీద రుద్ది తెచ్చినది. పైన పటారం, లోన లొటారం. దాన్ని సరిగ్గా బాగు చేయాలంటే సిలిండరూ బ్యారెలూ రెండూ మార్చాలి, అంటే పాత ఫ్రేమ్ చుట్టూ కొత్త రివాల్వర్ కట్టుకోవడం. నేను చేయించలేదు. చీలిన తొడుగు మాత్రం నా టూల్‌బాక్స్‌లో ఇప్పటికీ ఉంది.

మళ్లీ కొట్టులోకి వద్దాం. కాగితం తీసుకుని అక్కడే లెక్క వేశాను. ఈ ప్రాంతంలో 8.25 శాతం అమ్మకం పన్ను కలిపితే రివాల్వర్ ధర 195 డాలర్లకు చేరుతుంది. విడిభాగాల కట్టలోంచి వాడిన బ్యారెల్ 60 డాలర్లకు దొరుకుతుంది. దాన్ని మార్చడం మాత్రం ఇంట్లో అయ్యే పని కాదు. మేకు తీయాలి, ఫ్రేమ్ మెలితిరగకుండా సరైన దిమ్మెల్లో బిగించి విప్పాలి, కొత్తది బిగించినప్పుడు ముందు గురిముల్లు నిట్టనిలువుగా రావాలి, ఆ తర్వాత వెనక అంచును అరగదీసి సందు సరిచేయాలి. బ్యారెల్‌ను విప్పడానికి ఫ్రేమ్ కిటికీలో సుత్తి పిడి దూర్చి మెలితిప్పి, ఉన్న ఒక్క మంచి భాగాన్ని వంకర చేసుకున్నవారు ఉన్నారు. నా గన్‌స్మిత్ గంటకు 90 డాలర్లు తీసుకుంటాడు. బ్యారెల్‌కు రెండు గంటలు, హ్యాండూ వాషర్లకూ ఒక గంట. మొత్తం బాగుచేత 330, అసలుతో కలిపి 525. అదే కొట్టులో, నాలుగు అడుగుల దూరంలో, ఏ లోపమూ లేని మోడల్ 10 ఒకటి 425 డాలర్ల చీటీతో ఉంది, పన్నుతో 460. అదీ గాక నా గన్‌స్మిత్ చేతిలో పెట్టినది నాలుగు నెలల లోపు తిరిగి రావడం నేను చూడలేదు. లోపల ఇంకేదైనా బయటపడితే ఆ ఖర్చు వేరు.

కొట్టు ఆయనకు ఉంగరం చూపించాను. ఆయన కాదనలేదు. అంత సూక్ష్మంగా తాను చూడలేదన్నాడు, అది నిజమే అయి ఉంటుంది. పన్ను కాక 75 డాలర్లయితే తీసుకుంటామన్నాను, అప్పుడు అంతా కలిపి 411 అవుతుంది, నాలుగు నెలల నిరీక్షణకు దాదాపు 50 డాలర్లు మిగులుతాయి. ఆయన 150కి దిగి ఆగిపోయాడు. మేము కాఫీకి వెళ్లాం.

ఈ లెక్క అన్నిచోట్లా పనికిరాదు. మా వీధిలో ఉండే ఒక పెద్దాయన, తండ్రి పోలీసు ఉద్యోగంలో 20 ఏళ్లు వాడిన ఇలాంటి రివాల్వర్‌నే కిందటేడు నాకు చూపించాడు. గ్యారేజీలో తడి చొరబడ్డ పెట్టెలో పడి, పిడి చెక్కల కింద ఇనుము గుంతలు పడిపోయింది. అమ్మితే 150 కూడా రాదు, బాగుచేతకు దాదాపు 400 అవుతుందని లెక్క తేలింది. నేను వెంటనే చేయించమన్నాను, ఒక్క షరతు మీద: రంగు మాత్రం కొత్తగా వేయించవద్దు. కొత్త నలుపు వేయాలంటే ముందు గుంతలు పోయేదాకా అరగదీయాలి, అంచులు గుండ్రమవుతాయి, మరల చుట్టూ పల్లాలు పడతాయి, హోల్‌స్టర్ రాసుకుని తండ్రి నడుము మీద తెల్లబడ్డ ఆ బ్యారెల్ కొస కూడా పోతుంది. ఆయన తుప్పును మాత్రం నూనెతో, మెత్తని రాగి పీచుతో వదిలించి, స్ప్రింగులూ హ్యాండూ మార్పించుకున్నాడు. ఇప్పుడు అది చూడటానికి ఎప్పటిలాగే ముసలిదిగా ఉంది, ఆరు ఛాంబర్లూ "టక్" మని నిలుస్తున్నాయి.

మా బావమరిదికి ఆ కొట్టులోని రివాల్వర్‌తో అలాంటి బంధుత్వం ఏమీ లేదు, నూట ఎనభై అనే అంకెతో తప్ప. అయినా మొన్న శనివారం మళ్లీ అటు వెళ్లి ఫోటో పంపాడు. చీటీ మీద 180 కొట్టేసి 140 అని రాశారు, దాని కింద "బ్యారెల్‌లో ఉంగరం ఉంది" అని చిన్న అక్షరాలతో చేర్చారు. "నువ్వు చెప్పింది వాళ్లే రాసుకున్నారు బావా, 100కి అడగమంటావా?" అన్నాడు. నేను ఇంకా 75 దగ్గరే ఉన్నాను.